ఆయుధాల కొట్టు పైకప్పు

గణపార్యులవారికి శుభ్రం మీద మహా పట్టింపు. ఆశ్రమంలో చెంబు బోర్లించకుండా పెట్టినా ఊరుకునేవారు కాదు. అలాంటి మనిషి ఒక్క ఆయుధాల కొట్టు జోలికి మాత్రం వెళ్ళేవారు కాదు. పెంకులు జారిపోయి లోపలి నుంచి ఆకాశం కనబడుతున్నా, వానొస్తే నేలంతా నీళ్ళు నిలిచినా, చూసీ చూడనట్టు పోయేవారు. శిష్యుడు మల్లినాథుడికి ఈ సంగతి మింగుడు పడేది కాదు.

అది మామూలు కొట్టయితే పోనీ అనుకోవచ్చు. ఆశ్రమం ముందున్న ఏటికి ఇవతల ఎర్రగట్టు కోట, అవతల నీలిమడుగు కోట. రెండు సైన్యాలూ తరాల తరబడి కొట్టుకుని కొట్టుకుని, ఆఖరికి లోకశాంతి సభవారి మాట విన్నాయి. అనేక రాజ్యాల పెద్దలు కలిసి పెట్టుకున్న ఆ సభకు పనల్లా, ఎక్కడ ఏ సైన్యం ఏం చేస్తోందో ఓ కంట కనిపెట్టి ఉండటం. రెండు కోటల కత్తులూ బల్లేలూ తెచ్చి ఆశ్రమంలో పెట్టించింది ఆ సభే. ప్రతి పున్నమికీ ఆ సైన్యాలను నడిపే దళవాయిలిద్దరూ వచ్చి కొట్టు తెరిపించేవారు. ఎదుటివాడి కత్తుల తుప్పు చూసి లోలోపల సంతోషించి, తన కత్తుల తుప్పు చూసి నిట్టూర్చి, ఎవరి దారిన వాళ్ళు పోయేవారు. తాళంచెవి మల్లినాథుడి మొలతాడుకు వేలాడుతుండేది.

రాబోయే పున్నమి అతనికి ప్రాణం మీది మాట. అతని అక్క గౌరమ్మ నీలిమడుగు కోడలు. తల్లి ఎర్రగట్టులో మంచం పట్టి, కూతురి పేరే కలవరిస్తోంది. యుద్ధం నాడు జనానికి మూసిన పడవల రేవును, ఈసారి దళవాయిలు తృప్తిపడితే తెరుస్తామని సభవారు మాటిచ్చారు.

గురువుగారు సభ పని మీద ఊరికి బయలుదేరుతుంటే మల్లినాథుడు ఉండబట్టలేక అడిగేశాడు.

"స్వామీ, లోకం నమ్మి మన చేతిలో పెట్టిన సొత్తు ఇది. దీన్నిలా గాలికి వదిలేస్తే శాంతిని కాపాడినట్టు ఎలా అవుతుంది?"

"పున్నమికి వస్తానుగా. అప్పుడు మాట్లాడుకుందాం నాయనా" అని ఆయన చేతికర్ర అందుకుని వెళ్ళిపోయారు.

అంతదాకా ఆగితే మల్లినాథుడెందుకవుతాడు? ముందు కప్పు ఎక్కి పెంకులు సర్దాడు. తరవాత కత్తుల మీద పడ్డాడు. ఇటుక పొడితో తోమాడు, ఆముదం పట్టించాడు. ఇంత చేశాక అంచులు మొద్దుగా ఉండటం అతని మనసుకు నచ్చలేదు. సానరాయి తెచ్చి ఒక్కొక్కదానికీ పదును పెట్టాడు. వేళ్ళు తెగితే గుడ్డపీలికలు చుట్టుకున్నాడు. ఇంత భద్రంగా ఏ ఆశ్రమం చూసుకుంటుంది, దళవాయిలు చూసి మెచ్చుకోకపోతే అడగమనుకున్నాడు.

పున్నమి పొద్దున గురువుగారు ఊరి నుంచి వచ్చి ఇంకా కాళ్ళయినా కడుక్కోలేదు, దళవాయిలు దిగారు. అవతలి ఒడ్డున గౌరమ్మ బుట్ట నెత్తిన పెట్టుకుని అప్పటికే నిలబడి ఉంది. మల్లినాథుడు ఆమెకు చెయ్యి ఊపి, నవ్వుతూ తాళం తీశాడు.

తలుపు తెరుచుకోగానే ఎండ కత్తుల మీద పడి తళుక్కున మెరిసింది. ఎర్రగట్టు దళవాయి కొండమనాయుడు రెండడుగులు వెనక్కి వేశాడు. చెయ్యి దానంతటదే నడుముకు పోయింది, అక్కడ కత్తి లేదు. నీలిమడుగు దళవాయి పాపరాజు ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"సాన పెట్టారు!" అన్నాడు కొండమనాయుడు. "నీలిమడుగు కత్తులన్నీ సాన పెట్టి సిద్ధంగా ఉంచారు!"

"మీ బల్లేల మాటేమిటయ్యా? వాటికి నూనె పూసింది పూజకా?" అన్నాడు పాపరాజు.

మల్లినాథుడు ఇద్దరి మధ్యకూ వచ్చి చేతులు చాపాడు. "అయ్యా, నేనే! శుభ్రం చేద్దామని నేనే చేశాను. ఇవిగో, నా వేళ్ళు చూడండి!"

"ఎవరు చేయించారు? మీ అక్క కాపురం నీలిమడుగులోనే కదూ?" అన్నాడు కొండమనాయుడు.

"పుట్టింది ఎర్రగట్టులో కదరా నువ్వు!" అని అరిచాడు పాపరాజు.

నిన్నటిదాకా ఇద్దరూ మల్లినాథుణ్ణి పేరు పెట్టి ఆప్యాయంగా పిలిచినవాళ్ళే. మా ఆయుధాలు మాకిచ్చెయ్యండంటూ ఇద్దరూ ఒక్కసారే గుమ్మం మీదికి వచ్చారు. అప్పుడు గణపార్యులవారు, దారిదుమ్ము కాళ్ళతోనే, గడపకు అడ్డంగా పడుకున్నారు.

"నన్ను దాటుకుని వెళ్ళి తెచ్చుకోండి" అన్నారు.

గురువును దాటే ధైర్యం ఎవరికీ లేకపోయింది. తిట్టుకుంటూ వెళ్ళారు. మధ్యాహ్నం కాకముందే రెండు ఒడ్లమీదా కాపలా మనుషులు దిగారు. అవతల ఎవరో గౌరమ్మను కసిరారు. ఆమె బుట్ట నేల మీద దించి, తమ్ముడి వైపు కాసేపు చూసి, మళ్ళీ ఎత్తుకుని వెనక్కి నడిచింది. తల్లికి ఏమని చెప్పాలో తెలియక మల్లినాథుడు గడప మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

గురువుగారు అతన్ని ఏడవనిచ్చారు. తరవాత కప్పు వైపు చూపించి, "ఎక్కి ఆ పెంకులు తీసెయ్" అన్నారు.

"వాన వస్తే అన్నీ పాడైపోవూ, స్వామీ?"

"ఇది దళవాయిల చెవిన పడకూడని మాట. పైకి అనగలిగే మాటయితే నీకు ముందే చెప్పి ఉండేవాణ్ణి" అన్నారు గణపార్యులవారు. "ఇన్నాళ్ళూ ఈ కొట్టులో సభ పని చేసింది, శాంతిని కాపాడింది ఆ తుప్పొక్కటే నాయనా. దాన్ని కాస్తా నువ్వు తుడిచేశావు."