గొంపవారి రోబో బేరం

జగ్గుపేట కిందివీధిలో గొంపవారి ఇంట్లో ఉన్నంత తెలివి చుట్టుపక్కల పదూళ్ళలో లేదు. ఈ మాట పదూళ్ళవాళ్ళూ అన్నది కాదు, గొంపవారే అనుకున్నది. రోజూ అన్నాలు తినేటప్పుడు మరిచిపోకుండా ఒకసారి అనుకునేవారు.

ఇంటికి పెద్ద సన్యాసయ్య. పిండిమర నడుపుతాడు. తమ్ముడు భూలోకం మరలో గోతాలెత్తుతాడు, ఖాళీ దొరికితే ఫోనులో ఆట ఆడతాడు. సన్యాసయ్య పెళ్ళాం అచ్చియ్యమ్మ, తల్లి బోడెమ్మ. నలుగురిదీ ఒకటే పద్ధతి.

"మాటంటే మాటే," అనేవాడు సన్యాసయ్య, మీసాల మీది పిండి దులుపుకుంటూ. "ఎవరేం చెబితే అదే చేస్తాం. అటో ముక్క కలపం, ఇటో ముక్క తీసెయ్యం. లోకానికి ఇది చేతకాకే పాడైపోతోంది."

నిజమే మరి. మొన్నటికి మొన్న బోడెమ్మ "కూరలో ఉప్పు చూడవే" అంటే అచ్చియ్యమ్మ గిన్నె మీదికి వంగి చాలాసేపు చూసి, "చూశానత్తా, కనబళ్ళేదు" అంది. బోడెమ్మ కూడా వచ్చి చూసింది. ఆవిడకీ కనబళ్ళేదు. అంతే, ఇద్దరూ కలిసి కనబడేదాకా వేశారు. ఆ పూట ఇంటిల్లిపాదీ కడివెడు నీళ్ళు తాగి, "చూసి వేసిన ఉప్పు చూసి వేసినట్టే ఉంటుంది" అని మెచ్చుకున్నారు.

అలాంటి ఇంటి మీదికి ఒక పందెం వచ్చిపడింది.

భూలోకం ఆడే ఆట పేరు ఉక్కుమల్లులు. అందులో తాటిచెట్టంతేసి రోబోలు భుజాల మీద ఫిరంగులు పెట్టుకుని ఒకదాన్నొకటి పేల్చుకుంటాయి. ఎవరి ఊళ్ళో వాళ్ళు కూర్చుని ఫోనుల్లోనే కలిసి కొట్టుకోవచ్చు. అచ్చియ్యమ్మ తమ్ముడు గౌరునాయుడు బొబ్బిలి నుంచి ఒక జట్టు నడిపిస్తున్నాడు. అందులో అతనూ, అతని స్నేహితుడూ, భూలోకం. వీళ్ళకి ఎదురు జట్టు పైవీధి పాపినాయుడూ, అతని ఇద్దరు కొడుకులూ. ఆ ఇంట్లో ఉండేదీ ఆ ముగ్గురే.

ఒకనాడు పాపినాయుడు బియ్యం పిండి ఆడించుకోడానికి వచ్చి నవ్వాడు.

"మీ గొంపోళ్ళకి రోబో కొనడమే రాదు. ఇంక ఆడేదేటి?"

సన్యాసయ్యకి ఒళ్ళు మండిపోయింది. మాటా మాటా పెరిగింది. ఆదివారం పొద్దున ఆట, ఓడిన ఇల్లు గెలిచిన ఇంటికి కోడికూరతో భోజనం పెట్టాలి అని పందెం ఖాయమైపోయింది.

ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. గొంపవారికి ఉన్నది ఒకటే కోడి. బోడెమ్మ పిల్లప్పట్నించీ సాకిన నల్లపెట్ట. ముసలమ్మ దాన్ని ఒళ్ళోకి తీసుకుని, "ఒరే సన్నేసీ, దీన్ని పులుసు పెట్టేమాటైతే ఆ పులుసులో నన్నూ వేసెయ్యండ్రా" అంటూ ఏడ్చింది.

సన్యాసయ్య వంటింట్లోకి వెళ్ళి గిన్నెలన్నీ చూసొచ్చాడు. అమ్మ పట్టేంత గిన్నె ఇంట్లో లేదు.

"ఓడకూడదురా తమ్ముడూ," అన్నాడు. "మాంచి రోబోని కొనాలి."

భూలోకం ఆటలో పోగేసుకున్న బంగారం ఒక్క రోబోకి సరిపోతుంది. ఆ మాట వినగానే అచ్చియ్యమ్మ మూతి ముడుచుకుంది. "ఇంట్లో బంగారం పెట్టుకుని నా చెవులకి ఒక జత చేయించలేదేటి?" అని అలిగి పడుకుంది. ఆట దుకాణంలో రోబోలు మూడున్నాయి. కొండరాయుడు పెద్ద ఫిరంగుల వాడు, కానీ మెల్లగా నడుస్తాడు. తాబేలుదొరకి ఒంటినిండా డాలు. మిడత అన్నిట్లోకీ చిన్నది, ఎగిరి గంతులేస్తుంది. ఏది కొనాలి? ఫోనులో గౌరునాయుణ్ణి అడిగారు.

"బావా, ఉన్నదంతా ఒక్కదాని మీదే పెడుతున్నాం. తొందరపడకండి. నలుగుర్నీ అడగండి. వెనకాముందూ చూసుకోండి," అన్నాడతను.

ఇంకేముంది. సన్యాసయ్య కండువా వేసుకుని రోడ్డెక్కాడు. ఆగిన బస్సులోకి తల పెట్టి కండక్టర్ని అడిగాడు. "ముందుకి జరగండి" అన్నాడతను. సన్యాసయ్య కాస్త ముందుకి జరిగి, మేకలు తోలుకెళ్ళేవాణ్ణి అడిగాడు. వాడు "హెయ్, హెయ్" అన్నాడు, మేకలతో. బీరకాయలమ్మే ముసలామెకి చెవుడు. "లేతవే నాయనా" అంది. నాలుగోది క్షవరం దుకాణం. "కూచో, దీని తర్వాత నువ్వే" అన్నాడు దుకాణం వాడు.

సన్యాసయ్య తృప్తిగా ఇంటికి బయల్దేరాడు. ఫోనులు బాగుచేసే యర్రయ్య రొప్పుకుంటూ వెనకాల పరిగెత్తుకొచ్చాడు.

"సన్యాసయ్యా, ఆగాగు! ఆ ఆట నేను మొదట్నించీ ఆడతన్నాను. ఏది కొనాలో చెప్తాను, విను!"

"అయ్యో, బేగి రావాల్సింది," అన్నాడు సన్యాసయ్య జాలిగా. "నలుగురూ అయిపోయారు. నువ్వు ఐదోవాడివి."

ఇక వెనకాముందూ చూడాలి. భూలోకం తెర మీద కొండరాయుణ్ణి పెట్టాడు. అందరూ ముందు చూశారు. ఫోను తిప్పి వెనక చూశారు. వెనక నల్లగా ఉంది. తాబేలుదొరకీ వెనక నల్లగానే ఉంది. మిడతకీ అంతే.

"ముందు ఎన్ని వేషాలేసినా వెనక్కి వచ్చేసరికి అందరూ ఒకటేనమ్మా," అని నిట్టూర్చింది బోడెమ్మ.

"అన్నియ్యా, కొండరాయుడు రెండొందల టన్నులని రాశారు," అన్నాడు భూలోకం.

"రాస్తే నమ్మేస్తామేటి? మనకి కాటా లేదా?"

మరలోకి వెళ్ళి కొండరాయుడున్న ఫోనుని కాటా మీద పెట్టారు. పావుకిలో కూడా తూగలేదు. మిడతని పెట్టారు. అదీ అంతే తూగింది. సన్యాసయ్య నుదురు కొట్టుకున్నాడు.

"చూశారా మోసం! మన మరలో గుప్పెడు పిండి తగ్గితే ఊరంతా తిడతారు. వీళ్ళు రెండొందల టన్నులూ తినేసి కూచున్నారు!"

ఇదంతా విని అవతల గౌరునాయుడికి విసుగొచ్చింది. "ఇంకెన్నాళ్ళు బావా? రేపు కాక ఎల్లుండే ఆట! మారుమాట్లాడకుండా కళ్ళు మూసుకుని ఆ తాబేలుదొరని కొనెయ్యండి!" అని ఫోను పెట్టేశాడు.

అంతే, నలుగురూ ఫోను చుట్టూ కూచుని నోళ్ళూ మూసుకున్నారు, కళ్ళూ మూసుకున్నారు. కాసేపయ్యాక సన్యాసయ్యకి అనుమానమొచ్చింది.

"అందరూ మూసుకున్నారా? ఎవరూ నాకు కనబడ్డం లేదు!"

"మాకూ కనబడ్డం లేదు, మూసుకున్నట్టే," అన్నాడు భూలోకం.

సన్యాసయ్య వేలు చాపి పొడిచాడు. మొదట బోడెమ్మ ముక్కు తగిలింది. తర్వాత చెంబు తగిలింది. మూడోసారి "టింగు"మంది. కళ్ళు తెరిచి చూస్తే తెర మీద మిడత గంతులేస్తోంది. పైగా గులాబీ రంగు వేసుకుని మరీ వచ్చింది. బంగారమంతా ఖాళీ.

సంగతి గౌరునాయుడికి చెప్పారు. "సరే బావా," అన్నాడతను నీరసంగా. "జరిగిందేదో జరిగింది. కొనేశారు కదా, ఇంక ఇంటికొచ్చేసినట్టే."

ఇంటికొచ్చేస్తోందా! సన్యాసయ్య గబగబా లేచాడు. తెర మీద చూస్తే ఎత్తు నలభై అడుగులు అని ఉంది. గుమ్మం ఆరడుగులు కూడా లేదు. వంగి వస్తుందా అంటే మిడత వంగదు, ఎగురుతుంది. ఎగిరేది పైనుంచే దిగుతుంది. ఇంకేముంది, అన్నదమ్ములిద్దరూ నిచ్చెనేసుకుని వసారా మీది తాటాకంతా పీకి పెరట్లో కుప్ప పోశారు. ఆకాశం కనబడేసరికి ఇద్దరికీ కడుపు నిండిపోయింది.

"ఏటి తింటుందో అడగండ్రా, వచ్చేసరికి సిద్ధంగా ఉండాలి," అంది బోడెమ్మ.

అడిగితే గౌరునాయుడు, "బ్యాటరీ తింటుందత్తా, మామూలు తిండి కాదు" అన్నాడు. అచ్చియ్యమ్మ అలక మానుకుని, టార్చిలైటులోంచి బ్యాటరీలు తీసి కడిగి, అరిటాకులో వడ్డించి, పక్కన గ్లాసుతో మంచినీళ్ళు పెట్టింది. శనివారమంతా ఎండలో కూచుని మెడలు నొప్పెట్టేలా పైకి చూశారు. రాలేదు.

"బస్సు తప్పిపోయుంటుంది, పాపం," అంది బోడెమ్మ.

ఆదివారం తెల్లారింది. భూలోకం ఫోనుని రోలు మీద నిలబెట్టి ఆట మొదలుపెట్టాడు. గౌరునాయుడి గొంతు పెద్దగా వినబడుతోంది. తెర మీద ఒక పక్క గులాబీ మిడతా, తోటి రోబోలు రెండూ. ఎదర నుంచి పాపినాయుడివి మూడు, కొండల్లా నడిచొస్తున్నాయి.

"భూలోకం బావా, చాటుకెళ్ళు, చాటుకి!" అన్నాడు గౌరునాయుడు.

భూలోకం ఫోను అక్కడే వదిలేసి తలుపు చాటుకి పరిగెత్తాడు.

"తల దాచుకో!"

తలుపు చాటున దొరికిన బకెట్టు తల మీద బోర్లించుకున్నాడు.

"కదలవేటి బావా! మీద కొడుతున్నారు! ఎగురు!"

సన్యాసయ్య తమ్ముణ్ణి బయటికి లాగాడు. అన్నదమ్ములిద్దరూ పెరట్లో ఎగిరారు. అచ్చియ్యమ్మ చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఎగిరింది. బోడెమ్మ మోకాళ్ళు సహకరించక, నల్లపెట్టని ఎగరేసింది. మిడత మాత్రం నిలబడ్డచోటే నిలబడి దెబ్బలు తింటోంది. గౌరునాయుడి స్నేహితుడి రోబో కూలిపోయింది. గౌరునాయుడిది కుంటుతోంది. బోడెమ్మ కోడిని మళ్ళీ పట్టుకుని గుండెకి అదుముకుంది. దాని గుండె కొట్టుకోవడం సన్యాసయ్యకి అంత దూరం నుంచే వినబడ్డట్టయింది. చెప్పిందల్లా చేస్తున్నాం, ఇంకా ఎందుకు ఓడిపోతున్నాం అని అతనికి నిజంగానే ఏడుపొచ్చింది.

"కాల్చు బావా, కాల్చు!" అని అరిచాడు గౌరునాయుడు.

"ఏటి కాల్చమంటావు?" అరిచాడు సన్యాసయ్య.

"ఏది కనబడితే అది కాల్చెయ్!"

కనబడింది. పెరట్లో తాటాకు కుప్ప. అచ్చియ్యమ్మ అగ్గిపుల్ల గీసింది. అంతే! ఎండుతాటాకు భగ్గుమంది. పొగ తాడిచెట్టంత లేచి, గాలికి పైవీధి వైపు తిరిగింది.

గొంపవారి పెరడుకీ పాపినాయుడి పెరడుకీ మధ్య ఒక్క గోడే. అవతల తండ్రీకొడుకులు ముగ్గురూ గెలుపు చేతిలో పెట్టుకుని ఫోనుల మీద వంగి ఉన్నారు. పొగ కమ్మేసరికి తలెత్తారు. "ఓరి నాయనో, పశువుల పాక అంటుకుంది!" అని పాపినాయుడు ఫోను విసిరేశాడు. కొడుకులు గేదెల పలుపులు విప్పడానికి ఒకడు, బావి దగ్గరికి ఒకడు పరిగెత్తారు.

తెర మీద మూడు పెద్ద రోబోలూ చేతులాడించకుండా బొమ్మల్లా నిలబడిపోయాయి. గౌరునాయుడు ముందు నమ్మలేదు. తర్వాత కుంటుకుంటూ వెళ్ళి, తీరిగ్గా ఒకదాని తర్వాత ఒకటి మూడింటినీ పడగొట్టాడు.

"గెలిచాం బావా! ఏం చేశారు మీరు?" అన్నాడు.

"నువ్వు చెప్పిందే చేశాం," అన్నాడు సన్యాసయ్య, పొగకి దగ్గుతూ.

బోడెమ్మ నల్లపెట్ట తల మీద ముద్దు పెట్టుకుంది.

పాపినాయుడు నీళ్ళబిందెతో గోడ దూకి వచ్చి మంట ఆర్పాడు. మొహమంతా మసి. సంగతి తెలిశాక తిట్టడానికి నోరు తెరిచి, వసారా మీద కప్పు లేని ఇల్లు చూసి, మూసేశాడు. మంచిమనిషే పాపం.

"పందెం పందెమే. సాయంత్రం భోజనానికి ఇంటిల్లిపాదీ రండి," అన్నాడు. "కొత్తా మొహమాటమూ పెట్టుకోకండి. మా ఇల్లు మీ ఇల్లే అనుకోండి."

సన్యాసయ్య కళ్ళు చెమ్మగిల్లాయి. ఈ రోజుల్లో ఇంత మాట ఎవరంటారు?

పొద్దువాలకుండానే గొంపవారు బయల్దేరారు. మంచాలు, చాపలు, దుప్పట్లు, నల్లపెట్ట, అన్నీ తెచ్చుకున్నారు. పాపినాయుడు అరిటాకులు కోసుకుని వచ్చేసరికి బోడెమ్మ అతని గుమ్మంలో నిలబడి, "రా నాయనా రా, కాళ్ళు కడుక్కో, మొహమాటపడకు" అని చేతికి చెంబందించింది. అచ్చియ్యమ్మ వంటింట్లో దూరి డబ్బాలన్నీ తనకి అందేచోట సర్దుకుంది. భోజనాలు బాగా జరిగాయి. పాపినాయుడి కొడుకులకి సన్యాసయ్య దగ్గరుండి కొసరి కొసరి వేశాడు. వాళ్ళకేమీ అర్థం కాలేదు గానీ, కూర బాగుందని తినేశారు.

చేతులు కడుక్కున్నాక పాపినాయుడు ఆవులించి, "మరి పొద్దుపోయింది, సన్యాసయ్యా..." అని నసిగాడు.

"నేనూ అదే చూస్తన్నాను, అనలేక ఊరుకున్నాను," అన్నాడు సన్యాసయ్య. తండ్రీకొడుకులు ముగ్గురినీ భుజాల మీద చేతులేసి ఆప్యాయంగా గేటుదాకా తీసుకెళ్ళాడు. అచ్చియ్యమ్మ వెనకాలే వచ్చి తలా ఒక తమలపాకు చేతిలో పెట్టింది. "అప్పుడప్పుడూ వస్తూండండి" అంది.

ముగ్గురూ రోడ్డు మీద నిలబడి నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. కదలరేమిటా అని సన్యాసయ్యకి ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. పాపం, వీళ్ళకి పడుకోడానికి చోటు లేదు. అతని మనసు కరిగిపోయింది.

"కిందివీధిలో మా ఇల్లొకటి ఖాళీగా ఉంది పాపినాయుడూ, గాలి బాగా వస్తుంది," అని గేటు గడియ పెట్టుకుంటూ అన్నాడు. "అందులో ఉండండి. మొహమాటపడకండి, మీ ఇల్లే అనుకోండి!"