తొమ్మిదో వరుసలో గేదె

నల్లబండ గుట్ట కింద విద్యుత్ కేంద్రం కట్టబోయే మైదానంలో కొండలరావు అనే సర్వేయరు ఉండేవాడు; తెలివికి లోటు లేదు గానీ, ఒళ్ళు వంచాలంటే మాత్రం అతనికి ఎక్కడలేని నీరసం ముంచుకొచ్చేది.

అతని పని నేల లోపల ఏముందో కనిపెట్టడం. అందుకోసం జియోఫోన్లనే చిన్న పరికరాలను వరుసగా నేలలో గుచ్చేవాడు. ఒక చివర ఇనుప పలక పెడితే, దాని మీద అతని సహాయకుడు ఎల్లమంద సమ్మెటతో దబ్బున కొట్టేవాడు. ఆ అదురు నేలలో పరుగెత్తి ఒక్కో జియోఫోన్‌నూ చేరేది. కింద గట్టి రాయి ఉంటే చకచకా చేరేది, వదులు మట్టి ఉంటే నత్తనడక నడిచేది. యంత్రం దాన్ని గీతలుగా గీసి చూపించేది. ఆ గీతలు చూసి, పునాది ఎక్కడ వేయాలో పెద్ద ఇంజనీరు సుభాషిణి గారు తేల్చేవారు.

"పది వరుసలూ శ్రద్ధగా చేయండి. తర్వాతి సర్వేకి మీరే ఇన్‌చార్జి," అని ఆవిడ మాటిచ్చారు. ఇంకేముంది! కొండలరావుకి కాళ్ళు నేల మీద ఆగలేదు. ఇంట్లో భార్యతో కూడా ఇన్‌చార్జిలాగే మాట్లాడటం మొదలుపెట్టాడు.

ఏడు వరుసలు చక్కగా సాగాయి. ఎనిమిదో వరుసలో ఒక గేదె ఎటునుంచో వచ్చి, ఏడో జియోఫోన్ పక్కనుంచి తాపీగా నడిచిపోయింది. ఎల్లమంద "హేయ్, హేయ్" అని అదిలించేలోపే యంత్రం దాని అడుగులను కూడా రాసేసుకుంది. ఒక్క గీతే కదా చెడింది, పోనీలే అనుకున్నాడు కొండలరావు.

తొమ్మిదో వరుస దగ్గర వచ్చింది అసలు చిక్కు. అక్కడంతా సర్కారు తుమ్మ కంప. పైగా మాడు పగిలే ఎండ.

"కొడవలి తెస్తా సార్. రెండు గంటల్లో దారి చేద్దాం," అన్నాడు ఎల్లమంద.

"ఎందుకయ్యా వృథా శ్రమ? అటు రాయే, ఇటూ రాయే. మధ్యలో పాయసం ఉంటుందా?"

"నేల కదా సార్, లోపల ఏముంటదో ఎవరికి తెలుసు?"

"నాకు తెలుసు!" అన్నాడు కొండలరావు. జీపు నీడలో కూర్చుని, ఎనిమిదో వరుస గీతలనే మళ్ళీ అచ్చు తీసి, పైన 'తొమ్మిది' అని రాసేశాడు. కడుపునిండా పెరుగన్నం తిని హాయిగా కునుకు తీశాడు కూడా. ఏం మనిషండీ!

మర్నాడు సుభాషిణి గారు అప్పటిదాకా అయిన తొమ్మిది వరుసల కాగితాలూ బల్ల మీద పరిచారు. "కరెంటు పుట్టించే టర్బైన్ యంత్రం కూర్చోబెట్టేది సరిగ్గా ఈ తొమ్మిదో వరుస మీదే. సోమవారం తవ్వకం మొదలు," అన్నారు. అంతలో ఎనిమిదో వరుస కాగితం మీద ఆవిడ వేలు ఆగింది. "ఇక్కడ ఈ పిచ్చిగీతలేమిటి?"

"గేదె మేడం! ఏడో జియోఫోన్ పక్కనుంచి నడిచింది," అన్నాడు కొండలరావు హుషారుగా.

"మరి తొమ్మిదో వరుసలో ఇదేమిటి?"

"అదీ... గేదే మేడం."

"అదే గేదె, మళ్ళీ ఏడోదాని పక్కనుంచే, సరిగ్గా అన్నే అడుగులు వేసిందా? ఎంత క్రమశిక్షణ గల గేదె!"

ఎల్లమంద నవ్వాపుకోలేక అటు తిరిగి దగ్గాడు. కాగితాలు తారుమారయ్యాయనే అబద్ధం కొండలరావు నోటిదాకా వచ్చింది. కానీ సిగ్గేసి ఆ మాట మానుకున్నాడు. "తప్పు చేశాను మేడం. ఆ కంపలోకి నేను అడుగే పెట్టలేదు," అన్నాడు తలదించుకుని.

"అయితే ఇప్పుడు పెట్టండి," అన్నారావిడ.

ఈసారి కొడవలి తానే పట్టుకున్నాడు. చేతులనిండా ముళ్ళు దిగాయి. ఎల్లమంద సమ్మెట దెబ్బ వేశాడు. తీరా చూస్తే, మధ్యలో ఉన్న జియోఫోన్లకు అదురు చాలా ఆలస్యంగా చేరింది. అక్కడ డ్రిల్లు దింపారు. పన్నెండు మీటర్ల దాకా మెత్తటి ఇసుకే! ఎప్పుడో పూడిపోయిన వాగు అది.

వందల టన్నుల యంత్రం, దాని చుట్టూ పనిచేసే మనుషులు, అందరూ ఈ ఇసుక మీదేనా? కొండలరావుకి అప్పుడు తెలిసొచ్చింది. "అమ్మో, ఎంత పని చేశాను!" అంటూ అక్కడే కూలబడ్డాడు.

టర్బైన్ చోటును తూర్పుకి జరిపారు. "ఇన్‌చార్జి కాగితం మీద ఈసారి మీ పేరు రాయలేను కొండలరావు గారూ," అన్నారు సుభాషిణి గారు.

"రాయొద్దు మేడం. పదో వరుస ఎక్కడొస్తుందో చెప్పండి చాలు."

"రొచ్చుగుంటలో," అన్నారావిడ నవ్వుతూ.

కొండలరావు కూర్చుని బూట్లు విప్పడం మొదలుపెట్టాడు.

నీతి: చూడని దాన్ని చూశానని చెప్పేవాడు తన ఒళ్ళు దాచుకోవడానికి పదిమంది ప్రాణాలను పణంగా పెడతాడు, కాబట్టి స్వయంగా పరీక్షించకుండా ఏ మాటకీ పూచీ పడకూడదు.