చరణం దాకా కూచోని నక్క

వాగు మలుపులో ఇసక తిన్నె ఉందే, ఎండాకాలం సాయంత్రాలు అడవి కచేరీ అక్కడే. కోయిల పాడేది, గుడ్డేలుగు మృదంగం వాయించేవాడు, కీచురాళ్ళు శ్రుతి పట్టేవి. ఆ కీర్తనలన్నీ కట్టేవాడు మాత్రం మడుగులో ఉండే ముసలి తాబేలు డిప్పయ్య.

నక్క జంబన్నకి పాటా రాదు, తాళమూ నిలవదు. అయితేనేం, నోరుందిగా! ప్రతి పాటకీ ముందు లేచి, ఇది ఫలానా రాగం, కట్టినవాడు ఫలానా అని జనానికి విప్పి చెప్పడం అతని పని. బాగానే చెప్పేవాడు, కాదనకూడదు. కుందేళ్ళకి కూడా రాగాల పేర్లు వచ్చాయంటే అతని చలవే. కానీ లోపల ఒకటే దిగులు. పాట కట్టినవాళ్ళు చరణం చివర్లో తమ పేరు ముద్రగా వేసుకుంటారు. వాళ్ళు పోయినా ఆ పేరు పలుకుతూనే ఉంటుంది. తన పేరు ఏ పాటలోనూ లేదు.

"మావా, నీకు పిల్లా జెల్లా లేరు. ఒక్క పాటలో నా పేరు వెయ్యరాదూ?" అని తాబేలు వెంటపడేవాడు.

"చూద్దాంలే అల్లుడూ," అనేవాడు డిప్పయ్య.

ఏళ్ళు గడిచాయి. ఓ సాయంత్రం డిప్పయ్య మెల్లగా దేక్కుంటూ వచ్చి, "ఇవాళ నా కొత్త కీర్తన ఉంది. ఆఖరిదాకా కూచో అల్లుడూ," అన్నాడు.

"నాకా చెబుతావు మావా! కచేరీ అంటేనే నేను గదా!"

ఇక్కడో సంగతి చెప్పాలి. ఆ అడవిలో అనుపల్లవి కాగానే కోయిల ఆగుతుంది, గుడ్డేలుగు ఒక్కడే మృదంగం వాయిస్తాడు. చరణం ఆ తర్వాతే. మృదంగం మొదలవడమే ఆలస్యం, జనం లేచి ఈతపళ్ళకి పోతారు. ఆ అలవాటు నేర్పింది ఎవరనుకున్నారు? మన జంబన్నే.

ఆ రోజూ అంతే. "లేవండర్రా, కోతులు పళ్ళు మిగల్చవు! చరణంలో ఏముంటుంది, ఇందాకటి మాటలే తిప్పి తిప్పి పాడతారు," అని అందర్నీ తోలుకుపోయాడు. మావ మాట గుర్తు రాకపోలేదు. నాలుగు పళ్ళు తిని వచ్చేద్దాంలే అనుకున్నాడు.

తిరిగొచ్చేసరికి పాట అయిపోయింది. ఎద్దు మైలన్న ఒక్కడే ఇసకలో కూచుని కళ్ళనీళ్ళు కారుస్తున్నాడు.

"ఏంరా మైలన్నా, ఎవరు పోయారని?"

"నీ పేరు పాడారు జంబన్నా! డిప్పయ్య తన ముద్ర మానేసి నీ పేరు వేశాడు. తన పాటలకి వినేవాళ్ళని తెచ్చిపెట్టిన జంబన్న అని. ఎంత బాగుందో! నా మొద్దు బుర్రకి వరస నిలవలేదు."

జంబన్న నోట్లో పండు నోట్లోనే ఉండిపోయింది. మడుగు ఒడ్డుకి పరిగెత్తాడు.

"మావా, తప్పయిపోయింది! ఇంకొక్కసారి పాడించు!"

డిప్పయ్య నీళ్ళలోంచి తలెత్తాడు. "నొచ్చుకోలేదురా. నీ చోటు ఖాళీగా కనిపించింది. ఇష్టం లేదేమో అనుకుని, ఇకమీదట పాత ముద్రే వెయ్యమని కోయిలతో చెప్పేశా."

"మళ్ళీ మార్చు మావా, నీకు దణ్ణం పెడతా!"

"ఇవాళ ఓపిక లేదు అల్లుడూ. చూద్దాంలే."

ఆ వానాకాలంలోనే డిప్పయ్య పోయాడు. జంబన్న పేరుతో ఒక్కసారైనా పాడి వినిపించమంటే, పాట కట్టినవాడి మాట దాటనంది కోయిల.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది. జంబన్న లేచి, "ఇది మా డిప్పయ్య మావ ఆఖరి కీర్తన," అని మాత్రం చెప్పి కూచున్నాడు. మృదంగం మొదలైంది. జనం లేచారు.

"కూచోండర్రా, అసలైన చరణం ముందుంది!" అని బతిమాలాడు.

"ఊరుకో జంబన్నా, అందులో ఏమీ ఉండదని నువ్వే గదా చెప్పావు!" అని నవ్వుకుంటూ పోయాయి కుందేళ్ళు.

ఇసకలో మైలన్న, జంబన్న మిగిలారు. చరణం చివర్లో డిప్పయ్య పేరు పలికింది. అక్కడ తన పేరు ఎలా ఒదిగిందో అడుగుదామంటే మైలన్నకి పాట రాదు. జంబన్న తల వంచుకుని ఆఖరి మాట దాకా విన్నాడు.

పదిమందికి వినడం నేర్పేవాడు, ముందు తాను చివరిదాకా వినాలి.