సుంకన్న కోసం పేర్చిన రాళ్ళు

సిద్ధప్పస్వామిని ఎవరైనా ఏదైనా ప్రశ్న అడిగితే, ఆయన ముందు చెప్పులు వేసుకునేవాడు. జవాబు కొండమీద ఎక్కడో ఉండేది. అడిగినవాడు వెంట నడవాల్సిందే. ఆత్మ అంటే ఏమిటో తేల్చుకుందామని పట్నం నుంచి కారులో వచ్చిన ఒక రిటైర్డు పెద్దమనిషి, సాయంత్రానికి పిక్కలు పట్టుకుపోయి, "ఆత్మ సంగతి తర్వాత చూద్దాం స్వామీ, కొంచెం కొబ్బరినూనె ఉందా?" అని అడిగాడట. గుండ్లవంకలో ఆ మాట తలుచుకుని ఇప్పటికీ నవ్వుకుంటారు. నేను చెప్పబోయేది మాత్రం నవ్వుకునే సంగతి కాదు. ఆ ఊరి మద్దిలేటి ప్రశ్న అడిగిన రోజున కూడా స్వామి చెప్పులు వేసుకున్నాడు గానీ, ఆ నడక ఆయనకే ఇష్టం లేనట్టు కనిపించింది.

గుండ్లవంక నల్లమలకు దక్షిణపు కొసన ఉంటుంది. ఊరు దాటితే అడవి, అడవి దాటితే ఎర్రబండల చరియలు. ఆ చరియల మధ్యనుంచే జాలుతీర్థానికి కాలిబాట పోతుంది. వేసవి మొదట్లో యాత్రికులు వచ్చే ముందు ఊరివాళ్ళు ఆ బాటంతా తిరిగి, మలుపు ఉన్నచోటల్లా రాళ్ళు ఒకదానిమీద ఒకటి పేర్చి గుర్తు పెడతారు. తీర్థం దగ్గరి పెద్దబండ మీద రాళ్ళు పేర్చడం వేరే సంగతి. అది సొంత ఇల్లు కావాలని మొక్కుకునేవాళ్ళ పని. మొక్కురాళ్ళు తీర్థం దగ్గరే పేర్చాలి, బాటలో పేర్చకూడదని ఊరి కట్టు. రాయికి నోరు లేదు గదా. అది దారి చెబుతోందో, ఇల్లు అడుగుతోందో చూసినవాడికి ఎలా తెలుస్తుంది?

తీర్థం ఇంకా సగం దూరం ఉందనగా బాట రెండుగా చీలుతుంది. ఎడమది తీర్థానికి. కుడిది ఎర్రకోనలోకి దిగుతుంది. రెండుపక్కలా నిలువుగా లేచిన ఎర్రగోడలు, అడుగున బండరాళ్ళు; చుక్క నీరు దొరకదు, అవతలికి దారి లేదు. ఆ నడకకు నాలుగేళ్ళ ముందు మద్దిలేటి తమ్ముడు సుంకన్న ఒంటరిగా తీర్థానికని బయలుదేరి మళ్ళీ రాలేదు. ఊరు ఊరంతా వెతికింది. చెప్పు గానీ, తువ్వాలు గానీ దొరకలేదు. ఎర్రకోనలో మాత్రం మద్దిలేటికి ఒక గుర్తు కనిపించింది. అడుగున పలకరాయి, దానిమీద రెండు రాళ్ళు, అన్నిటికంటే పైన వేలికొనంత గులకరాయి. "ఇది మా సుంకన్న చెయ్యే. చిన్నప్పుడు గొర్రెల ఎనకాల పోయినప్పుడు ఇట్లనే పేర్చేవాడు" అని మద్దిలేటి ఆ రాళ్ళను పట్టుకుని బోరుమని ఏడ్చాడు. ఎవరికీ కాదనే ధైర్యం రాలేదు.

అప్పటినుంచి వీలు చిక్కినప్పుడల్లా అతను ఎర్రకోనకు పోయేవాడు. తమ్ముడు లోపల ఏ గుహలోనో మతి తప్పి తిరుగుతున్నాడనీ, గుర్తు కనిపిస్తే బయటికి వస్తాడనీ అతని నమ్మకం. ఆ గుర్తు దగ్గర మొదలుపెట్టి, బాట చీలే చోటుదాకా, అడుగడుగునా రాళ్ళు పేర్చుకుంటూ వచ్చాడు. పడిపోయినవాటిని మళ్ళీ నిలబెట్టేవాడు. ఇంటికి వచ్చి సుంకన్న భార్య ఈశ్వరమ్మతో, "వస్తాడమ్మా. రాళ్ళు చూసినాను, కదలకుండా ఉండాయి" అనేవాడు. ఈశ్వరమ్మకు అప్పటికి నిండా పాతికేళ్ళు లేవు. పుట్టింటివాళ్ళు ఆమెను తీసుకుపోయి మళ్ళీ ఒక ఇంటిదాన్ని చేస్తామని రెండుసార్లు వచ్చారు. రెండుసార్లూ మద్దిలేటి ఆ గులకరాయి సంగతి చెప్పి వాళ్ళను వెనక్కి పంపాడు. తమ్ముడంటే అతనికి ప్రాణం. మరదలికి చెడు తలపెట్టిన మనిషి కాదు.

నాలుగో ఏడు ఉగాది వెళ్ళాక ఒకరోజు ఈశ్వరమ్మ అతని ఎదురుగా వచ్చి నిలబడింది. "బావా, బొట్టు పెట్టుకుంటే మీ పెద్దోళ్ళు అదోరకంగా చూస్తాండారు. తుడుచుకుందామంటే నువ్వు వస్తాడంటావు. నేను ఏ పక్క మనిషిని? ఏదో ఒకటి చెప్పు, చాలు" అంది. ఆమె ఏడవలేదు. ఏడ్చి ఉంటే అతను ఎప్పటిలాగే ఓదార్చి ఊరుకునేవాడేమో. ఆ మరునాడే మద్దిలేటి స్వామి గుడిసెకు వచ్చాడు. శవం దొరకకపోతే దర్భలతో మనిషి బొమ్మ చేసి దహనం చేయించమని పెద్దలు అంటున్నారని చెప్పి, "సామీ, నేను వానికోసం ఎదురుచూడల్నా? దినం చేసేయల్నా?" అని అడిగాడు.

స్వామి అప్పటికే గుమ్మంలో నిలబడి కొండవైపు చూస్తున్నాడు. మధ్యాహ్నం తిరిగింది. ఆయన చెప్పులు వేసుకుని, రెండు సొరకాయ బుర్రల్లో నీళ్ళు నింపి, ఒకటి మద్దిలేటి చేతికి ఇచ్చాడు.

దారంతా మద్దిలేటే మాట్లాడాడు. సుంకన్న ఈత, సుంకన్న మొండితనం, జొన్నరొట్టెలో కారం ఎక్కువైనా మాట్లాడకుండా తినేవాడని. టేకు ఆకులు రాలిపోయి అడవి బోసిగా ఉంది. ఎండ నేలదాకా దిగుతోంది. ఎర్రబండలు మొదలైన తర్వాత కింద నుంచి సెగ కొట్టసాగింది. మద్దిలేటి మాటలు కూడా ఎండిపోయాయి.

బాట చీలే చోట ఆగారు. ఊరివాళ్ళు ఆ ఏటి గుర్తులు ఇంకా పెట్టలేదు. ఎడమవైపు నిరుటి రాళ్ళు పడిపోయి చెల్లాచెదురుగా ఉన్నాయి. కుడివైపు, ఎర్రకోన మొదట్లో, మద్దిలేటి పేర్చిన రాళ్ళు చక్కగా, గట్టిగా నిలబడి ఉన్నాయి.

"పొద్దున మొగుడూ పెళ్ళాం ఇద్దరు నా దగ్గర నీళ్ళు తాగి పోయినారు. ఇంకా దిగలేదు" అన్నాడు స్వామి. అని కుడివైపుకు తిరిగాడు.

మద్దిలేటికి ఆ మాట అప్పుడే పూర్తిగా ఎక్కలేదు. కోనలోకి దిగుతూ ఉంటే ఒక మలుపులో తన రాళ్ళు, ఇంకో మలుపులో తన రాళ్ళు. వచ్చినప్పుడల్లా చూసుకుని ధైర్యం తెచ్చుకునే ఆ రాళ్ళను చూస్తుంటే అతనికి భయం వేసింది. లోపల ఉన్నవాడికి బయటికి దారి చూపడానికని పెట్టినవి, బయటినుంచి వచ్చేవాడిని లోపలికి పిలుస్తాయని ఇన్నేళ్ళలో ఒక్కసారైనా తోచలేదు. అతను నడక వదిలి పరుగెత్తాడు.

ఒక బండ నీడలో వాళ్ళు కనిపించారు. మగమనిషి పక్కకు ఒరిగి పడుకుని ఉన్నాడు, పెదవులు పగిలిపోయాయి. భార్య అతని పక్కన కూర్చుని ఉంది. స్వామి వెనకే వచ్చి, అతని తల ఎత్తిపట్టి, బుర్రలోని నీళ్ళు కొద్దికొద్దిగా తాగించాడు. చాలాసేపటికి అతను కళ్ళు తెరిచాడు.

"మాది చాగలదూరు నాయనా. నా పేరు దస్తగిరమ్మ, ఈయన పుల్లయ్య" అంది ఆమె, నీళ్ళు తాగి గొంతు సవరించుకుని. "ఊరోళ్ళు రాళ్ళు గుర్తు పెట్టింటారని పొద్దున చెప్పినారు గదా సామీ? వాటినే పట్టుకుని వచ్చినాం. పోతా ఉంటే రాళ్ళు వస్తానే ఉండాయి. తీర్థం మాత్రం రాలేదు."

మద్దిలేటి ఆమె మాట వినడం లేదు. ఆమె పక్కన నేలమీద ఉన్నదాన్నే చూస్తున్నాడు. అడుగున పలకరాయి. దానిమీద రెండు రాళ్ళు. పైన వేలికొనంత గులకరాయి.

"అదేందమ్మా?" అన్నాడు.

"ఇల్లు నాయనా." ఆమె కొంచెం సిగ్గుపడింది. "పెండ్లయినప్పటినుంచి బాడిగిండ్లే. తీర్థం కాడ పెట్టుకుందామనుకుంటి. ఇంక ఆడికి పోయేదుందా, బతికి బయటపడేదుందా అని ఈడనే పేర్చుకున్నా."

"పైన ఆ చిన్నరాయి ఎందుకు?"

"కలశం గదా! ఇంటికి కలశం లేకుండా ఎట్ల? అందరూ పెడతారు."

మద్దిలేటి లేచాడు. ఆ పక్క మలుపులోనే సుంకన్న గుర్తు ఉంది. అక్కడికి పోయి నిలబడ్డాడు. నాలుగేళ్ళుగా చేత్తో తడిమి కళ్ళకద్దుకున్న రాళ్ళవి. అక్కడినుంచి ఇటు చూశాడు, ఇటునుంచి అటు చూశాడు. ఎవరో దారి తప్పి వచ్చి, తీర్థం దొరక్క, ఇక్కడే ఒక ఇల్లు మొక్కుకుని వెళ్ళి ఉంటారు. లేదా తమ్ముడే పేర్చి ఉండవచ్చు. వాడికీ సొంత ఇల్లు లేదు, కొత్త పెళ్ళాం ఉంది. ఏదైనా కావచ్చు. ఇక ఆ రాళ్ళు అతనికి ఏమీ చెప్పలేదు.

"సామీ, ఇది వానిది కాదంటావా?" అని అరిచాడు. గోడలు ఆ మాటను తిప్పితిప్పి చెప్పి ఊరుకున్నాయి. స్వామి పుల్లయ్య చంకకింద చెయ్యి వేసి లేపుతున్నాడు. ఆయనకూ తెలియదు. తెలిస్తే చెప్పేవాడే.

మద్దిలేటి పైనున్న గులకరాయి ఒక్కటి తీసి గుప్పిట్లో పెట్టుకున్నాడు. మిగిలిన రాళ్ళను కాలితో తన్నలేదు. ఒక్కొక్కటీ రెండు చేతులతో ఎత్తి పక్కన పెట్టాడు. తర్వాత తిరుగుదారి పట్టి, తను పేర్చిన రాళ్ళను వరసగా దించడం మొదలుపెట్టాడు. పుల్లయ్యను నడిపిస్తూ స్వామీ, దస్తగిరమ్మా నెమ్మదిగా వెనక వస్తున్నారు. పేర్చేటప్పుడు ఏ రాయికి ఏం మొక్కుకున్నాడో అతనికి గుర్తుంది. దించేటప్పుడు ఏమనుకోవాలో ఎవరూ చెప్పలేదు. తమ్ముడు నిజంగానే లోపల ఉండి, రాత్రికి ఈ రాళ్ళను వెతుక్కుంటూ వస్తే? ఆ ఊహ వచ్చినప్పుడల్లా చేతిలోని రాయి కిందికి దిగేది కాదు. తమ్ముణ్ణి తన చేతులతోనే పూడ్చుతున్నట్టు ఉంది అతనికి.

"మంచిపని చేస్తాండావు నాయనా," అంది దస్తగిరమ్మ. "ఏ పాపిష్టోడు పెట్టినాడో. వానికి మంచినీళ్ళు పుట్టకుండా పోను!"

మద్దిలేటి చేతిలో రాయితో అలాగే ఆగాడు. "నేనే పెట్టినానమ్మా" అన్నాడు.

ఆమె నమ్మలేనట్టు చూసింది. "ఎందుకు నాయనా?"

"నా తమ్ముడు బయటికి వస్తాడని."

దస్తగిరమ్మ తిట్టిన నోటిని కొంగుతో తుడుచుకుంది. తర్వాత మలుపు వచ్చినప్పుడు భర్తను స్వామికి అప్పగించి, తానూ వంగి ఒక రాయి దించింది. ఆ తర్వాత ప్రతి మలుపులోనూ అంతే.

బాట చీలే చోటికి వచ్చేసరికి పొద్దు గోడల చాటుకు పోయింది. ఆఖరి రాళ్ళు కూడా దించేశాక ఎర్రకోన ముఖం బోసిగా, ఎవరూ ఎన్నడూ నడవనట్టు కనిపించింది. మద్దిలేటి అక్కడే కూలబడి, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. అతని ఏడుపులో తమ్ముడు చనిపోయాడన్న నిశ్చయం కూడా లేదు. అది ఉంటే కొంత నయంగా ఉండేది. ఉన్నది ఒకటే, ఇక పేర్చడానికి రాళ్ళు లేవు. దస్తగిరమ్మా, పుల్లయ్యా కొంచెం ఎడంగా తల వంచుకుని నిలబడ్డారు. స్వామి పడి ఉన్న నిరుటి రాళ్ళను ఏరి, ఎడమదారి మొదట్లో గుర్తు నిలబెట్టాడు.

ఏడుపు తగ్గాక మద్దిలేటి గుప్పిలి విప్పాడు. గులకరాయి చెమటకు తడిసి ఉంది.

"సామీ, వాడు ఉండాడో లేడో నాకు ఇప్పటికీ తెలీలా. ఇంటికాడ ఈశ్వరమ్మ గడపలో నిలబడి ఉంటాది. ఏం చెప్పల్ల? ఈ రాయి ఏడ పెట్టల్ల?"

స్వామి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. మద్దిలేటి వేళ్ళను ఒక్కొక్కటిగా మడిచి గుప్పిలి మూశాడు.

"ఇది నీది. మోసుకో," అన్నాడు. "ఒకరు నడవాల్సిన దారిలో మాత్రం పెట్టొద్దు."