మూడో లైను

"మాస్టారూ, పిల్లలు రాసిన కవితను ఎంతవరకు దిద్దవచ్చు?" అని ఇందుమతి అడిగింది.

గవరయ్య మాస్టారు ఒకప్పుడు ఆమెకు తెలుగు చెప్పినవారు. ఇప్పుడు అదే బడిలో ఆమె తెలుగు టీచరు. ఆయన రిటైరైనా ఊరుకోలేక, ప్రతి శనివారం వచ్చి ఒక పీరియడు కూర్చుని పోతుంటారు. అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. ప్రశ్న వెనక ఉన్న బెంగ ఏమిటో ముందు రాబడతారు.

రాబట్టారు. ఏడో తరగతి దమయంతి గోడపత్రిక కోసం ఒక కవిత రాసి ఇచ్చింది. ఇందుమతి దాన్ని శ్రద్ధగా దిద్ది, ముత్యాల్లాంటి అక్షరాలతో తిరగరాసి, కింద ఆ పిల్ల పేరు పెట్టి అంటించింది. ఆ రోజు నుంచి దమయంతి కవిత అంటే చాలు, పుస్తకం మూసేసి కూర్చుంటోంది. బతిమాలినా అంతే, కసిరినా అంతే. చక్కగా రాసే పిల్లను చేతులారా పాడుచేశానేమోనని ఇందుమతికి నాలుగు రోజులుగా అన్నం సయించడం లేదు.

"ఆ రెండు కాగితాలూ పట్టుకురా" అన్నారు మాస్టారు. ఆమెతో తరగతిలోకి వెళ్లి, దిద్దిన కాగితం ముందు చదివారు.

"మాతృమూర్తి కరములు శ్రమకు చిహ్నములు, త్యాగమునకు తరగని నిధులు..."

పిల్లలు బుద్ధిగా విన్నారు. ఇద్దరు ఆవలించారు కూడా. "ఎవరు రాశార్రా ఇది?" అంటే, "దమయంతి సార్" అని అందరూ ఒక్కసారే అరిచారు.

దమయంతి లేచి నిలబడింది. "నేను కాదు సార్. టీచర్ గారు" అంది. ఆ గొంతులో ఫిర్యాదేమీ లేదు. ఇందుమతికి మాత్రం తల కొట్టేసినట్టయింది.

మాస్టారు రెండో కాగితం తీశారు.

"మాయమ్మ జీడిపిక్కలు కొడతాది. చేతులు నల్లగుంతాయి.
అన్నం కలిపితే అన్నం తెల్లగానే ఉంతాది.
నాకు అమ్మంటే చాలా ఇష్టం."

ఆవలించినవాళ్లు కూడా తలెత్తారు. ఆ ఊళ్లో సగంమంది తల్లులది అదే పని; పిక్క తొక్కలోని జీడి అంటిన నలుపు ఎంత కడిగినా చేతులను వదలదు. వెనక బెంచీలోంచి ఎవరో, "మాయమ్మవీ అంతే" అన్నారు మెల్లగా. మాస్టారు అర్థం అడగలేదు, భావం చెప్పలేదు. ఇంకోసారి చదివారు, అంతే.

ఈసారి దమయంతి తనంతట తానే లేచింది.

"సార్, ఆ మూడో లైను బాగోలేదు. అది అందరూ రాసీదే. కొట్టీండి."

"కొట్టేశాను. మరి అక్కడ ఏం పెడదాం?"

పిల్ల ఆలోచనలో పడింది. ఇందుమతి నాలుక చివర ఒక మంచి వాక్యం సిద్ధంగా ఉంది. మాస్టారు ఆమె వైపు ఒక చూపు చూశారు. ఆమె దాన్ని మింగేసింది. ఎంత కష్టమో దిద్దే చెయ్యి ఉన్నవాళ్లకే తెలుస్తుంది.

"ఆ చెయ్యి నా చెంప మీద ఎడితే గరుగ్గుంతాది" అంది దమయంతి చివరికి. "తీసీస్తే బాగోదు."

అని కూర్చుని, పుస్తకం తెరిచి, ఎవరూ చెప్పకుండానే రాయడం మొదలుపెట్టింది. ఇందుమతికి కళ్లనీళ్లు ఆగలేదు.

వరండాలో మాస్టారు చెప్పులు తొడుక్కుంటుంటే ఆమె వెనకే వచ్చింది. "మాస్టారూ, మరి ఎంతవరకు దిద్దవచ్చో మీరు చెప్పనేలేదు."

మాస్టారు కిటికీలోంచి లోపలికి తొంగి చూశారు.

"ఇంకా రాస్తోంది. అయ్యాక దాన్నే అడుగు" అన్నారు.