పెద్దకార్యం కార్డుకు పెళ్లి అక్షరాలు

ప్రశ్నకు తిన్నగా జవాబు చెప్పే అలవాటు పరాంకుశం గారికి లేదు. కాకినాడలో ఆయన దగ్గర అక్షరాలు గీయడం, గీసినవాటిని కంప్యూటరు ఫాంట్లుగా మలచడం నేర్చుకునే మాకు ఈ సంగతి బాగా తెలుసు. తెలిసీ అడిగేవాళ్లం, తర్వాత తల పట్టుకునేవాళ్లం.

ఆ రోజు అడిగింది హైమ. ఏడాదిగా ఆమె చేతిరాతలా ఉండే ఒక సింగారపు ఫాంటు చేస్తోంది. కొమ్ములు తీగల్లా సాగుతాయి, ఒత్తులు పక్క అక్షరం కిందకి దూరతాయి, చివరి సున్నా కూడా వయ్యారం పోతుంది. చూడముచ్చటే. కానీ మందుల దుకాణం వాళ్లు వద్దన్నారు, బడివాళ్లూ వద్దన్నారు. గబుక్కున చదవలేకపోతున్నామని అందరిదీ ఒకటే మాట.

"గురువుగారూ, చదవనివ్వని అక్షరం ఎందుకు? చెరిపేయమంటారా?" అంది. ఆయన చెరపమనలేదు, ఉంచమనలేదు. శుభలేఖలకైనా పనికొస్తుందిలే అని మేమే సముదాయించాం.

అంతలో కోటివీరయ్య అనే పెద్దాయన వచ్చాడు. కార్డులు అచ్చువేసే పని కూడా మా గురువుగారు చూస్తారు. భార్య పోయిందని, ఆమె పెద్దకార్యానికి కార్డులు కావాలని అన్నాడు. గోడకు అంటించి ఉన్న హైమ అక్షరాలు చూసి, అవే వేయమన్నాడు.

హైమ కంగారు పడింది. "అవి పెళ్లి కార్డులకండీ. ఇలాంటి కబురు వయ్యారంగా చెబితే చుట్టాలు ఏమనుకుంటారు? పైగా ఎవరూ తొందరగా చదవలేరు."

"అందుకే తల్లీ," అన్నాడాయన. "ఈ కార్డు ఎవరూ ఇంట్లో ఉంచుకోరు కదా. గుమ్మంలోనే చదివి చింపేస్తారు. నేనూ ఎన్నో చింపాను. మా శేషారత్నం పేరు కాస్సేపు వాళ్ల చేతుల్లో ఉండనీ."

హైమ గురువుగారి వైపు చూసింది. ఆయన కంప్యూటరు ముందున్న కుర్చీ చూపించారు, కూర్చో అన్నట్టు. ఇన్నాళ్లూ అందరూ ఏది తప్పన్నారో అదే కావాలంటున్నాడు ఈయన. ఇంతకీ అక్షరం మంచిదో చెడ్డదో ఆమెకూ అంతుపట్టలేదు, నాకూ అంతుపట్టలేదు. ఒక్క మాట చెప్పకుండా కూర్చున్న గురువుగారి మీద నాకైతే ఒళ్లు మండింది. వచ్చేవాళ్లు తికమక పడకూడదని తేదీ, వేళ, ఊరు మామూలు అక్షరాల్లో పెట్టింది హైమ. పేరు ఒక్కటీ తన అక్షరాల్లో కూర్చి, నమూనా కాగితం తీసి పెద్దాయన చేతికిచ్చింది.

ఆయన దాన్ని కళ్లకు దగ్గరగా పట్టుకున్నాడు. ఆ అక్షరాల్లో ఉన్నది ఒక్క పేరే. ఎంతసేపటికీ చూపు మరల్చడు. పెదవులు కదులుతున్నాయి. చదవడం కుదరడం లేదేమోనని హైమకు దిగులు పుట్టింది. అక్కడ ఏముందో తానే చదివి చెబుదామని, కావాలంటే మార్చేస్తానందామని లేచింది.

పరాంకుశం గారు చేత్తో వారించారు.

"ఉండమ్మా. ఆయన్ని చదువుకోనీ."