రెండు స్తంభాల మధ్య పైడమ్మ

అనగా అనగా, మనుషుల కంటే నియమాలే ఎక్కువగా ఉన్న ఒక నగరం. ఆ నగరంలో పైడమ్మ అనే చాకలి ఉండేది. ఆమె ఆస్తి అంతా ఒక్క గాడిద. దాని పేరు ఐరావతం. అది మూటలు మోస్తేనే పైడమ్మ ఇంట్లో పొయ్యి వెలిగేది.

ఆ గాడిద మీద భూషయ్య అనే ధనికుడి కన్ను పడింది. అమ్మమని అడిగాడు. పైడమ్మ అమ్మనంది. ఇంకేముంది! "చాకలికి వేసిన నా పట్టంచు ధోవతి ఈమె తిరిగి ఇవ్వలేదు. దానికి బదులు గాడిదను ఇప్పించండి" అని ధర్మాసనం ముందు ఫిర్యాదు చేశాడు.

పైడమ్మ వకీలు దగ్గరికి పరుగెత్తింది. ఆయన అంతా విని, "వాదిస్తాను. నా కూలి కింద ఆ గాడిదను ఇయ్యి" అన్నాడు.

"ఓడితే గాడిద ఆయనకు, గెలిస్తే నీకా? చాలు బాబూ, నీకో దండం! నా గోడు నేనే చెప్పుకుంటాను" అని పైడమ్మ కొంగు దులిపి వచ్చేసింది.

మొదటి రోజు ఆమె నోరు తెరిచిందో లేదో, న్యాయాధికారి చెయ్యెత్తాడు.

"నీ వకీలు ఎవరు?"

"నేనే, దొరా."

"వకీలు కుడి స్తంభం దగ్గర నిలబడాలి. నువ్వు ఎడమ స్తంభం దగ్గర ఉన్నావు. రేపు రా."

రెండో రోజు కుడి స్తంభం దగ్గర నిలబడింది. "నిందపడ్డ మనిషి ఏది? ఎడమ స్తంభం ఖాళీగా ఉందే! రేపు రా" అన్నాడు న్యాయాధికారి.

పైడమ్మకు ఒళ్లు మండిపోయింది. ఊరి మాసిన బట్టలన్నీ ఇంట్లో గుట్ట పడుతుంటే, వీళ్లు స్తంభాలు చూసుకుంటున్నారు!

మూడో రోజు రెండు చోట్లా తానే నిలబడింది. కుడి స్తంభం దగ్గర "పైడమ్మా, ధోవతి తిరిగిచ్చావా?" అని అడిగి, పరుగున ఎడమ స్తంభం దగ్గరికి వెళ్లి "మడత నలగకుండా ఇచ్చానండీ" అని బదులిచ్చింది. నాలుగు ప్రశ్నలకే తల ప్రాణం తోకకొచ్చింది. సభ అంతా నవ్వింది. భూషయ్య అందరికంటే గట్టిగా నవ్వి, తన ధోవతి కుచ్చిళ్లు సర్దుకున్నాడు.

పైడమ్మ చూపు ఆ పట్టంచు మీద ఆగింది. విసవిసా కుడి స్తంభం దగ్గరికి నడిచింది.

"దొరా, ఎదుటివారిని ప్రశ్నలడిగే హక్కు వకీలుకు ఉందా?"

"ఉంది. నియమం అదే."

"భూషయ్యగారూ, మీకు పట్టంచు ధోవతులు ఎన్ని?"

"ఉన్నది ఒక్కటే. దాన్ని నువ్వే మాయం చేశావు."

"మరి కట్టుకున్నది?"

"నిన్ననే కొన్నాను. ఇంకా నీళ్లు తగలని కొత్త బట్ట!"

"అయ్యా, నేను ఏ ఇంటి బట్ట ఏదో తెలియడానికి మూల మీద నల్లజీడి రసంతో గుర్తు పెడతాను. ఉతుకు పడని బట్టకు నా గుర్తు ఉండదు. వీరి ఇంటి గుర్తు మూడు చుక్కలు, ఒక గీత. ఆ కుచ్చిళ్ల కొస కాస్త తిప్పి చూడండి."

భటుడు తిప్పి చూశాడు. మూడు చుక్కలు, ఒక గీత! భూషయ్య ముఖం పాలిపోయింది.

"గాడిద పైడమ్మదే. అబద్ధమాడిన భూషయ్య ఏడాదిపాటు తన బట్టలు తానే ఉతుక్కోవాలి" అన్నాడు న్యాయాధికారి. వెంటనే గొంతు సవరించుకుని, "పైడమ్మా, తీర్పును ఎడమ స్తంభం దగ్గర నిలబడి వినాలి" అన్నాడు.

"ఇక్కడికే బాగా వినిపించింది, దొరా!" అంటూ పైడమ్మ బయటికి వచ్చి, ఐరావతాన్ని తోలుకుని రేవుకు వెళ్లిపోయింది.

నిజం తమ వైపు ఉండి, చేసే పని క్షుణ్ణంగా తెలిసినవారికి తమ నోరే తమ వకీలు.